అరవై ఒకటో ప్రశ్న

రెండువేల ఇరవై అయిదు ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, తెల్లవారి అయిదు గంటల నలభై నిమిషాలకు బాపట్ల స్టేషనులో రైలెక్కాను. నాతో ఉన్నవి నాలుగు: బట్టల సంచి, మంచినీళ్ళ సీసా, పులిహోర డబ్బా, తొంభై ఆరు పేజీల నోటుపుస్తకం. ఈ ప్రయాణం నోటుపుస్తకం కోసమే.

మాది ప్రెస్బిటేరియన్ సంఘం. మాకు బిషప్పులు ఉండరు. చుట్టుపక్కల సంఘాల పాదిర్లు, పెద్దలు కలిసి ఒక సభగా కూర్చుంటారు. దాన్ని ప్రెస్బిటరీ అంటాం. ఎవరినైనా పాదిరిగా అభిషేకించాలంటే ఆ సభ అతన్ని పరీక్షించి ఓటు వేయాలి. అభ్యర్థి మా విశ్వాస ప్రమాణాల మీద సంతకం పెట్టాలి. అందులో ఏ మాటకైనా అతని మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ సంగతి కాగితం మీద రాసివ్వవచ్చు. అది మూలానికి తగిలే అభ్యంతరమా, పక్కన పెట్టదగినదా అన్నది సభ తేలుస్తుంది.

చిత్తూరు ప్రెస్బిటరీ పరీక్షించబోయేది ప్రభుదాసును. ఇప్పుడు ముప్పై రెండేళ్ళు. అతని నాయన రైల్వేలో పట్టాల పనికి బాపట్ల వచ్చినప్పుడు పదేళ్ళవాడు. ఆదివారం బడిలో నా దగ్గర ప్రశ్నోత్తరి, అంటే ఆ ప్రమాణాలనే ప్రశ్నలూ జవాబులుగా నేర్పే పుస్తకం, చదివాడు. మా ప్రశ్నోత్తరిలో ప్రశ్నలు నూట పన్నెండు. ఏ పిల్లవాడికి ఏ ప్రశ్న ఏ తేదీన ఒప్పజెప్పించానో రాసి పెట్టుకోవడం నా అలవాటు. నేను ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరును. ప్రభుదాసు అభ్యంతరం ఒకటి రాసిచ్చాడట. దాంతో సభవారు అతని చిన్ననాటి చదువుకు రుజువు అడిగారు. నేను సంఘపు పెద్దను కూడా కాబట్టి పుస్తకం తీసుకుని రమ్మని నాకు ఉత్తరం వచ్చింది.

రైల్లో

ఎదుటి సీట్లో పొన్నూరు నుంచి వస్తున్న ఒకావిడ, తోడికోడలు, ఇద్దరు పిల్లలు. కొండకు వెళ్తున్నారు, తలనీలాల మొక్కు ఉంది. ఒంగోలు దాటాక ఆవిడ నన్ను పలకరించింది.

"మీదేం మొక్కు పిన్నిగారూ?"

"మొక్కు కాదమ్మా. మేం క్రైస్తవులం. ఒకాయన ప్రమాణం చేస్తుంటే చూడ్డానికి వెళ్తున్నా."

"రెండూ ఒకటేగా."

"కాదు. మొక్కులో ముందు అడుగుతారు, అది దొరికాక చెల్లిస్తారు. ప్రమాణంలో ముందు చెప్పేస్తారు, తర్వాత జన్మంతా చెల్లించాలి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే మాదే నయం," అంది. నా పులిహోర తిని, ఆవపిండి ఎక్కువైందని కూడా చెప్పింది. నిజమే, ఎక్కువైంది.

శ్రీకాళహస్తి దాటాక ఏర్పేడు వచ్చింది. దూరంగా కొత్త కాలేజీ భవనాలు తెల్లగా కనబడ్డాయి. ప్రభుదాసు తల్లిది ఆ ఊరే. భర్త పోయాక అక్కడికే తిరిగి వెళ్ళి నాలుగేళ్ళ కిందట చనిపోయింది. పేరు నాగమ్మ. బాపట్లలో ఉండగా ప్రతి ఆదివారం కొడుకును తీసుకొచ్చేది. చదువు అయ్యేదాకా వరండాలో కిటికీ కింద కూర్చుని పూలు కట్టుకునేది. చర్చి లోపలికి రాలేదు, బాప్తిస్మం తీసుకోలేదు. కొడుకు కోరితే అతనికి మాత్రం అడ్డు చెప్పలేదు.

తిరుపతి

రైలు యాభై నిమిషాలు ఆలస్యం. ప్రభుదాసు స్టేషనుకు వచ్చాడు. నుదుటి మీద జుట్టు పలచబడింది. నా సంచి అందుకున్నాడు గాని నోటుపుస్తకం నేను ఇవ్వలేదు.

ఆ పూట వాళ్ళక్క ధనమ్మ ఇంట్లో భోజనం. ఆమె గాంధీరోడ్డు దగ్గర పూలు అమ్ముతుంది. ఇంటి ముందు చాప మీద చామంతి గుట్టలు. మూర నలభై అంటోంది. మా బాపట్లలో ముప్పై. చేతి కొలత చూశాను, ఆమె మూర మా మూర కంటే నాలుగు వేళ్ళు పెద్దది. కాబట్టి ధరలో తేడా నేననుకున్నంత లేదు.

రాగి సంగటి ముద్ద, ఊరుబిండి అనే శెనక్కాయల పచ్చడి వడ్డించింది. నేను సంగటిని నమిలాను. ధనమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నమలగూడదు టీచరమ్మా. ఊరుబిండిలో అద్దుకోని మింగెయ్యాల. పండ్లకు పనే లేదు."

"నాకున్న పళ్ళు పదిహేనే, వాటికి పని చెప్పకపోతే ఎలా?"

తిన్నాక ఆమె మళ్ళీ పూల దగ్గర కూర్చుంది. కడుతూ కడుతూ మామూలుగా అంది: "మీ పాఠాలన్నీ మా యమ్మకు వచ్చు, తెలుసునా? పూలు కట్టేటప్పుడు ఒగ్గొగటే చెప్పుకుంటా ఉండేది. పిల్లోళ్ళు గట్టిగా అరుస్తా చదవతా ఉంటే కిటికీ కింద ఇని నేర్చుకున్నాది. ముడికొగ ప్రశ్న."

"ఎన్ని వచ్చు?"

"అన్నీ. ఒగటి తప్ప. అరవై అయినాక అరవై రెండు చెప్పేది. నడాన ఒగటి యాడో పడిపోయిందే అనేది. ఆ టీచరమ్మ లెక్క తప్పే మనిషి గాదే, ఎందుకు వదిలిపెట్టిందో అని మాకు చెప్పేది."

ప్రభుదాసు పూలబుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను, అప్పటికే ఒకసారి కడుక్కున్నా.

బసలో నోటుపుస్తకం తెరిచాను. ప్రభుదాసు పేరున నూట పన్నెండు గళ్ళు. అరవై ఎదురుగా ఆగస్టు మూడు. అరవై రెండు ఎదురుగా ఆగస్టు పదిహేడు. అరవై ఒకటి ఖాళీ.

ఇన్నేళ్ళూ ఆ పుస్తకం నా బీరువాలోనే ఉంది. అది పూర్తిగా ఉందని నేను చాలామందికి చెప్పాను. తెరిచి చూడక్కర్లేదనుకున్నాను.

అరవై ఒకటో ప్రశ్న, సంఘానికి బయట చనిపోయినవారి గతి ఏమిటని. జవాబు రెండు వాక్యాలు. ఎంత మంచిగా బతికినా వారికి రక్షణ లేదని దాని సారం.

మధ్యలో ఒక ఆదివారం, ఆగస్టు పది, ఖాళీగా ఉంది. ఆ గడిలో ఆ తేదీ వేస్తే లెక్క అతికినట్టు సరిపోతుంది. నా సంచిలో నీలం పెన్ను ఉంది. పుస్తకంలోని సిరా కూడా నీలమే, కొంచెం వెలిసింది అంతే. నేను పెన్ను మూత తీశాను. చివరి పేజీలో ఒక గీత గీసి రంగు పోల్చి చూశాను కూడా. తర్వాత మూత పెట్టేశాను. ఆ గీత ఇప్పటికీ ఆ పేజీలో ఉంటుంది.

పాకాల మీదుగా ఐరాల

బుధవారం పొద్దున తిరుపతి నుంచి పాకాలకు రైల్లో, అక్కడి నుంచి ఐరాలకు బస్సులో వెళ్ళాం. దారి పొడవునా మామిడి పూత. కండక్టరు ఒక సీటుతో తెలుగు, పక్క సీటుతో అరవం మాట్లాడుతూ చిల్లర మాత్రం రెండు భాషల్లోనూ లేదన్నాడు.

ప్రభుదాసును పిలిచిన సంఘం ఐరాలకు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఉంది. ముప్పై ఎనిమిది కుటుంబాలు. పాలు పోసేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు, ఇద్దరు ఆటోవాళ్ళు. సంఘపు పెద్ద రత్నం. వయసు డెబ్భై, బెల్లం వండుతాడు. మేం వెళ్ళేసరికి చెరుకు పాలు పెనంలో తెర్లుతున్నాయి. ఆయన చొక్కా జేబు నిండా వేయించిన శెనిగ్గింజలు, మేం వేరుశెనగ గుళ్ళు అంటాం. మాట్లాడుతూ ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటాడు. చెయ్యి జేబుకు, జేబు నుంచి నోటికి. అది తనకే తెలియదు.

"మూడేండ్లుగా పాదిరి లేడు మ్మా," అన్నాడు. "పెండ్లికైతే చిత్తూరు నుంచి వస్తారు, బిరియానీ ఉంటాది గాబట్టి. సావుకు ఎవురూ రారు. పోయినేడు మా వదిన పోతే పాట నేనే పాడినా. నా గొంతు ఇని పక్కింటి ఎనుము పాలియ్యలే."

పెనం దగ్గర ఉన్న ఆడవాళ్ళు నవ్వారు.

"ఇతను రాసిచ్చిన కాగితం సంగతి మీకు తెలుసా?" అన్నాను.

"తెలీకేం. మా ఇండ్లల్లో అన్న గుడికి పోతాడు, తమ్ముడు చర్చికి వస్తాడు. సావుకు అందురూ ఒగసోటే నిలబడతారు. ఆడ నిలబడి మీవాడు నరకానికి పొయ్యినాడని చెప్పేవాడు మాకు వద్దు. పోలేదని చెప్పేవాడు గూడా వద్దులే, వానికేం తెలుసు? నాకు తెలీదన్నాడు సూడు, అది బాగుండాది." ఇంకో గింజ నోట్లో వేసుకున్నాడు. "ఈ పక్కనే కాణిపాకం గుడి మ్మా. సత్యప్రమాణానికి యాడాడి నుంచో వస్తారు. ఈ సీమలో యా మతమోడైనా అబద్ధపు ప్రమాణమంటే జంకుతాడు. ఒగ మాట చెప్పలేనని ముందే చెప్పినోణ్ణి మేము నమ్ముతాం."

మా సంఘంలో నేను సంఘపు పెద్దనవుతూ అవే ప్రమాణాల మీద సంతకం పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళ మూడు నెలలు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అన్న చోట "లేవు" అని రాశాను. రత్నం ఇచ్చిన వేడి బెల్లం చేతిలో పెట్టుకుని అదే ఆలోచించాను, వేలు కాలింది.

తిరుగు దారిలో ప్రభుదాసును అడిగాను.

"ఆ ప్రశ్న నీకు నేను చెప్పలేదని ఎప్పుడు తెలిసింది?"

"బైబిలు కాలేజీలో టీచరుగారూ. అందరూ గడగడా చెప్తుంటే నాకొక్కడికే రాలేదు. అప్పుడు నేర్చుకున్నాను."

"సభలో ఆ మాట చెప్తావా?"

"అడిగితే నా సంగతి చెప్తాను. మీ సంగతి మీది."

చిత్తూరు

గురువారం పది గంటలకు సభ. చెప్పులు గుమ్మం బయట విప్పాలి. మా వైపు చర్చిల్లో చాలాచోట్ల ఈ పట్టింపు పోయింది. లోపల చాపలు, ముందు ఒక బల్ల. ఓటున్నవాళ్ళు ఇరవై ఒక్కరు: పాదిర్లు ఎనిమిదిమంది, పెద్దలు పదముగ్గురు. రత్నం చివరి చాప మీద కూర్చున్నాడు. అధ్యక్షుడు జయరాజు అయ్యగారికి ఓటు ఉండదు. రెండు వైపులా సమానంగా వస్తే మాత్రం ఆయన మాటతో తేలుతుంది. సన్నగా, నిటారుగా ఉంటారు. గడియారం మేజా మీద పెట్టుకుని కూర్చున్నారు. మనిషి నాకు నచ్చారు.

ప్రభుదాసు కాగితం చదివి వినిపించారు. మూడు వాక్యాలే. "సంఘం బయట చనిపోయినవారి గతి నాకు తెలుసని నేను ప్రమాణం చేయలేను. ప్రశ్నోత్తరికి విరుద్ధంగా ఎన్నడూ బోధించను. మిగిలిన నూట పదకొండూ నిండు మనసుతో నమ్ముతున్నాను."

జయరాజు గారు అరవై ఒకటో జవాబు చెప్పమన్నారు. ప్రభుదాసు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"వచ్చును గదా. మరి కష్టమేమి?"

"వచ్చునయ్యా. మా అమ్మ పేరు పెట్టి చెప్పుకుంటే రావడం లేదు."

సభ కొంచెం కదిలింది. జయరాజు గారు గొంతు పెంచలేదు.

"నాయనా, నీ మనస్సాక్షి మీద నాకు అధికారం లేదు. ఎవరికీ లేదు. నువ్వు ఏది నమ్మినా ఈ సంఘంలో సభ్యుడిగా ఉండవచ్చు. కానీ పాదిరిగా ఉండమని నిన్నెవరూ బలవంతపెట్టలేదు. నీకు నమ్మే స్వేచ్ఛ ఉంది, మాకు మా బోధకుణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. ఈ రోజు నువ్వు ఒకటి వదులుతావు, రేపు ఇంకొకడు రెండు వదులుతాడు. పదేండ్లకు పుస్తకంలో అట్ట మిగులుతుంది. దుఃఖం వేరు, బోధ వేరు. మా నాయన కూడా బాప్తిస్మం లేకుండానే పోయినాడు. నేను సంతకం పెట్టినాను."

ఇది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. ముందు రోజు దాకా నా వాదన కూడా ఇదే.

తర్వాత నన్ను పిలిచారు. నోటుపుస్తకం ఆయన చేతికి ఇచ్చాను. వేలితో గళ్ళ వెంట నెమ్మదిగా దిగి ఒకచోట ఆగారు.

"ఇది ఖాళీగా ఉందే. రాయడం మరిచినారా అమ్మా?"

మరిచానంటే అక్కడితో అయిపోయేది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి మరిచానంటే ఎవరూ తప్పు పట్టరు.

"మరవలేదు. చెప్పడం వదిలేశాను."

"ఎందుకని?"

"పిల్లలు ప్రతి జవాబూ ఏడుసార్లు గట్టిగా చెప్పాలి, అది నా పద్ధతి. వీళ్ళమ్మ కిటికీ కింద కూర్చునేది. ఈ పిల్లాడి చేత ఆ మాట ఏడుసార్లు అరిపించడం నాకు చేతకాలేదు. మరుసటి ఆదివారం చెబుదామనుకున్నాను. మరుసటి ఆదివారం కూడా ఆమె వచ్చింది."

"ఆ తర్వాతి పిల్లలకు?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. లెక్క వేసుకోవలసి వచ్చింది. "ఎవరికీ చెప్పలేదు. కిటికీ కింద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు."

ఆయన పుస్తకం మూశారు. "మీరు సంఘపు పెద్ద. అభ్యంతరాలు లేవని రాసి సంతకం పెట్టినారు గదా?"

"పెట్టాను."

"అంటే అమ్మా, మీరు చెప్పకుండా పెట్టినారు. ఇతను చెప్పి పెడతానంటున్నాడు."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట అన్నారు. నేను నా చాప మీదికి వచ్చి కూర్చున్నాను. నోటుపుస్తకాన్ని సభ దస్త్రాల్లో చేర్చమని కార్యదర్శికి ఇచ్చేశారు.

ముంతా, సంచీ

ఈ ప్రెస్బిటరీలో ఓటు కాగితం మీద వేయరు. తొలినాటి పెద్దలకు చదువు లేదు. అప్పటి పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ప్రతివాడికీ ఒక శెనిగ్గింజ, ఒక చింతగింజ ఇస్తారు. శెనిగ్గింజ ఒప్పుకోలు, చింతగింజ కాదనడం. తెర వెనక్కు వెళ్ళి కావలసింది మట్టి ముంతలో వేసి, మిగిలింది పక్కనున్న గుడ్డసంచిలో వేయాలి. పడితే రెండూ ఒకే చప్పుడు.

జయరాజు గారు నావైపు చూశారు. "మీకు ఓటు లేదు, లెక్క వచ్చు. మీరు లెక్కపెట్టండమ్మా."

ఇంతసేపూ నా లెక్క తప్పని చూపించిన మనిషే ఆ మాట అన్నారు. లేచి వెళ్ళాను.

ముంత బల్ల మీద బోర్లించాను. శెనిగ్గింజలు పది, చింతగింజలు పది. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవయ్యే. ఓటర్లు ఇరవై ఒక్కరు.

సమానమైతే తీర్పు జయరాజు గారిది. ఆయన ఏమంటారో అప్పటికే అందరికీ తెలుసు. ప్రభుదాసు నేల చూస్తున్నాడు.

నేను సంచి కూడా బోర్లించాను. ఎవరూ చెప్పలేదు, కానీ లెక్క సగంలో ఆపడం నాకు రాదు. సంచిలో చింతగింజలు పదకొండు, శెనిగ్గింజలు పది.

"ఇచ్చినవి ఇరవై ఒకటి, ఇరవై ఒకటి," అన్నాను. "చింతగింజలు రెండుచోట్లా కలిపి సరిపోయాయి. శెనిగ్గింజ ఒకటి తక్కువ. ఎవరో చింతగింజను సంచిలో వేశారు, శెనిగ్గింజను మాత్రం ముంతలో వేయలేదు."

అందరూ తమ తమ అరచేతులు చూసుకున్నారు. తర్వాత చివరి చాప మీద రత్నం దవడ ఆగిపోయింది. మెల్లగా చెయ్యి ఎత్తాడు.

"నేనే అప్పా. ఆ టీచరమ్మ మాటలే తలుసుకుంటా తెర ఎనక్కి పోతిని. చెయ్యి నోటికి పోయింది. అలవాటు."

"ఏంది రత్నం," అన్నాడు ముందు వరసలోని పాదిరి, "మూడేండ్లు పాదిరి పాదిరి అని అరిసి, పాదిరి రాంగానే మింగేస్తివే."

సభంతా నవ్వింది. జయరాజు గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ ఓటు పెడదామని ఒకరన్నారు.

"వద్దు," అన్నారాయన. "ఇప్పుడు వేస్తే పక్కవాని మొగం చూసి వేస్తారు. ముంతలో పడిందే ఓటు, మన రూలు అదే." గడియారం చూశారు, గింజలు చూశారు. ఎంతసేపని నేను చూడలేదు. నాకు అలా జరగడం అరుదు. "అయితే ఆ ఓటు ఎటుపోయిందో నాకు తెలుసు. మీకందరికీ తెలుసు. తెలియనిదాన్ని తెలుసని రాయకూడదని ఈ పిల్లోడు పొద్దున్నించి చెప్తున్నాడు. తెలిసినదాన్ని తెలియదని నేను రాస్తే అదీ అబద్ధమే. పదకొండు, పది అని రాయండి. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు.

"నాకుంది," అన్నారు. "ఈ తీర్మానానికి నా అసమ్మతి, నా పేరుతో నమోదు చేయండి. సభ తీర్పుకు లోబడతాను. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు."

కార్యదర్శి రెండూ రాసుకున్నాడు. బయటికి వస్తే నా కుడిచెప్పు లేదు. దాని చోట మరొకరి కుడిచెప్పు ఉంది, నా కాలికి రెండు సైజులు పెద్దది. దాంతోనే టీ కొట్టుదాకా ఈడ్చుకుంటూ నడిచాను. టీ పన్నెండు రూపాయలు, అల్లం బాగా వేశారు.

మళ్ళీ ఐరాల

శుక్రవారం పదకొండు గంటలకు ఆ పల్లెలో అభిషేకం. చర్చిలో పట్టక జనం బయట కూడా నిలబడ్డారు. కిటికీల కింద ఎక్కువగా బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు. వారిలో ధనమ్మ ఉంది, తిరుపతి నుంచి బుట్టెడు చామంతులు తెచ్చింది.

ప్రభుదాసు మోకరించాడు. పాదిర్లు వచ్చి తల మీద చేతులు ఉంచారు. ఎవరు ఏ గింజ వేశారో ఎవరూ అడగలేదు, ఎనిమిది చేతులూ పడ్డాయి. పడని తొమ్మిదోది జయరాజు గారిది. ఆయన మూడడుగుల దూరంలో నిలబడి, వాళ్ళు చదవవలసిన పుస్తకాన్ని రెండు చేతులతో తెరిచి పట్టుకున్నారు. పేజీ ఎగరకుండా వేలు అదిమి, ప్రార్థన అయ్యేదాకా కదలలేదు.

భోజనాల్లో అన్నం, పప్పు, కోడికూర, బెల్లపు పొంగలి. రత్నం పాట పాడబోతే వాళ్ళావిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "పాదిరి వచ్చినాడు గదా, ఇంక ఎనుముల్ని బతకనీ," అంది.

సాయంత్రం నాలుగింటికి పాకాల స్టేషనుకు నన్ను జయరాజు గారే తన స్కూటరు మీద దింపారు. డెబ్భై నాలుగేళ్ళ నేను, అరవై ఆరేళ్ళ ఆయన, రెండు కిలోల బెల్లం. దారిలో ఒకచోట మామిడితోట పక్కన ఆపి చెమట తుడుచుకున్నారు.

"ఊరికి పోయి ఏం చేస్తారమ్మా?"

"అభ్యంతరం రాసిస్తాను. పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా."

"మీవాళ్ళు తీసేయవచ్చు."

"తీసేయవచ్చు."

"నేనైతే తీసేస్తాను," అన్నారు. తర్వాత కాసేపటికి, "వాళ్ళమ్మకు నిజంగానే అన్నీ వచ్చునంటనా?" అని అడిగారు.

"నూట పదకొండు. కిటికీ కింద కూర్చుని విని నేర్చుకుంది."

ఆయన తలూపి స్కూటరు కిక్కు కొట్టారు. మూడో కిక్కుకు స్టార్టయింది.

బాపట్ల

శనివారం ఉదయం ఆరుంబావుకు ఇల్లు చేరాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా పెద్దల సభకు కాగితం ఇచ్చాను. ప్రభుదాసు మూడు వాక్యాలే రాశాడు. నాకు నాలుగు పట్టాయి, ఎందుకు ముందే చెప్పలేదో కూడా రాయాలి కాబట్టి. సభ మార్చి పదహారున కూర్చుంది. నేను కాక అయిదుగురు. ఇద్దరు ఉండమన్నారు, ముగ్గురు వద్దన్నారు. వద్దన్న ముగ్గురిలో ఇద్దరు నా దగ్గర ప్రశ్నోత్తరి చదివినవాళ్ళే. వాళ్ళ అరవై ఒకటో గడి కూడా ఖాళీయేనని నాకు తెలుసు. ఆ మాట నేను అనలేదు.

ఈ ప్రయాణంలో పోయినవి ఇవి.

కుడికాలి చెప్పు ఒకటి.

బెల్లం అరకిలో, రైల్లో చీమలకు.

తొంభై ఆరు పేజీల నోటుపుస్తకం ఒకటి. చిత్తూరు దస్త్రాల్లో ఉంది, తిరిగి అడగలేదు.

సంఘపు పెద్ద పదవి, పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలది.

మరేమీ పోలేదు.